నెలంతా నీళ్ల పాఠమేనా?

ప్రశ్న: మా పాప మూడో తరగతి. ఈ నెల అన్ని సబ్జెక్టుల్లోనూ ‘నీరు’ థీమేనట. లెక్కల్లో వెనకబడుతుందేమోనని భయంగా ఉంది. – ఒక తల్లి, మాదాపూర్

జవాబు: మీ భయాన్ని కొట్టిపారేయలేనమ్మా. అయితే ఇది కార్పొరేట్ బడుల కొత్త ఫ్యాషనేం కాదు. మూడు నుంచి ఐదు తరగతుల్లో సైన్సునూ సోషల్‌నూ కలిపే చెప్పాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఎప్పుడో చెప్పింది.

మీ పక్కనే దుర్గం చెరువుంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు. 2020 నుంచి దానిమీద తీగల వంతెన. చరిత్ర, సైన్సు రెండూ అక్కడే దొరుకుతాయి. ఇక లెక్కలంటారా? ఇంట్లో నలుగురూ రోజుకు ఎన్ని బకెట్లు వాడుతున్నారు, బకెట్‌కు 15 లీటర్లయితే మొత్తం ఎంత, అయిదువేల లీటర్ల ట్యాంకర్ ఎన్నాళ్లొస్తుంది? పాప వేళ్లు మడిచి లెక్కపెడుతుంది చూడండి, అదే గుణకారం. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగి ట్యాంకర్ల సంగతి నాలుగు వాక్యాలు రాస్తే తెలుగూ అయిపోతుంది.

చార్టుకు నీలిరంగు పూయించి, వాన పాట పాడించి వదిలేస్తే మాత్రం అది థీమ్ కాదు, స్కూల్ డే డెకరేషన్. ఎక్కాలు, అప్పు తెచ్చుకునే తీసివేతలు నీళ్లతో ముడిపెట్టినంత మాత్రాన రావు, వాటికి రోజూ విడిగా సాధన ఉండాలి. టీచర్‌ను ఒక్కటే అడగండి: ఈ నెలాఖరుకు లెక్కల్లో మా పాప కొత్తగా ఏం చేయగలుగుతుంది?