చచ్చుపడిన స్వరతంత్రికి ఊత

మన కంఠమునందు రెండు స్వరతంత్రులు కలవు. మాటలాడునపుడు అవి దగ్గరకు చేరి, ఊపిరిగాలికి కంపించుటచేత ధ్వని పుట్టును. వానిని నడుపు నరము దెబ్బతినినచో ఒక తంత్రి చచ్చుపడును. అపుడు రెండింటి నడుమ సందు మిగిలి గాలి వృథాగా పోవును. మాట గుసగుసగా మారును. నీరు త్రాగునపుడు పొలమారును.

1911లో బ్రూనింగ్స్ అను జర్మను వైద్యుడు ఆ తంత్రిలోనికి పారఫిన్ మైనమును ఎక్కించెను. మైనము లోపల హాని చేయుటచే ఆ పద్ధతి విడువబడినది. 1974లో జపాను వైద్యుడు ఇస్షికి వేరొక మార్గము చూపెను. మెడ ముందరి మృదులాస్థిలో చిన్న కిటికీ కోసి, దానిగుండ ఒక బిళ్లను అమర్చి, చచ్చుపడిన తంత్రిని రెండవదాని చెంతకు నెట్టుటయే ఆ మార్గము. నేడట్టి బిళ్లలను సిలికోన్, టైటానియము మొదలగువానితో చేయుచున్నారు.

బిళ్ల సరిపోయినదని తెలియుట యెట్లు? సాధారణముగా రోగిని మెలకువగా నుంచి, మెడకు మాత్రము మొద్దుబారు మందిచ్చి, అంకెలు చెప్పింతురు. బిళ్ల చిన్నదైనచో గాలి పోవును. పెద్దదైనచో స్వరము బిగిసిపోవును. స్వరము తేటగా పలికిన పరిమాణమునే నిలుపుదురు. గాయము మానిన పిమ్మట, ఒక్క ఊపిరితో 'ఆ' అని ఎన్ని సెకనులు పలుకగలడో కొలిచి, చికిత్సకు ముందరి లెక్కతో పోల్తురు.

విద్యార్థులారా! ఎంత నేర్పరియైన వైద్యుడైనను ఇచ్చట రోగి గొంతు విని గాని పని ముగింపడు. కనుక గొంతు బొంగురు వారములు గడచినను తగ్గనిచో ఉపేక్షింపక వైద్యునికి చూపవలెను.