ఎక్కువ ఇస్తానన్నవాడే మేలైన భాగస్వామా?



పత్తర్‌గట్టి కమానుల కింద ముత్యాలు కొనేవారిని మీరు చూసే ఉంటారు. తక్కువ ధర విన్న వెంటనే డబ్బు తీయరు. ముత్యాన్ని వెలుతురులో తిప్పి చూస్తారు, కొట్టు ఎంత నమ్మకమైనదో విచారిస్తారు. ప్రజల సొమ్ముతో చేసే పనికి కూడా ఈ జాగ్రత్తే కావాలి.

భాగస్వామ్యం అంటే ఏమిటి?

రోడ్డు, మెట్రో వంటివాటిని ప్రైవేటు సంస్థ తన పెట్టుబడితో కట్టి, కొన్నేళ్ళు నడిపి, రాబడి తీసుకొని, చివరకు ప్రభుత్వానికి అప్పగించడమే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం. రాబడి చాలకపోతే ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. దీనినే వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. సాధారణంగా తక్కువ గ్రాంటు అడిగినవారికే టెండరు దక్కుతుంది.

మన మెట్రో నేర్పిన పాఠం

2008లో హైదరాబాద్ మెట్రో టెండరులో మేటాస్ బృందం గ్రాంటు అడగకపోగా, ప్రభుత్వానికే రూ.30,311 కోట్లు ఇస్తామంది. అందరూ ఆశ్చర్యపోయారు. ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ గారు మాత్రం అభ్యంతరం చెబుతూ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. మేటాస్ కూడా ఆ కుటుంబానిదే. అది నిధులు సమకూర్చుకోలేకపోవడంతో 2009 జూలైలో ఒప్పందం రద్దయింది. కోట్ల మాట కాగితం మీదే మిగిలింది.

2010లో మళ్ళీ టెండరు పిలిచారు. రూ.12,132 కోట్ల ప్రాజెక్టుకు ఎల్ అండ్ టీ రూ.1,458 కోట్ల గ్రాంటు అడిగింది. అంటే సుమారు 12 శాతం. పైకి చూస్తే మొదటి బేరమే లాభం. కానీ 2017 నవంబరులో రైలు నడిచింది రెండో బేరంతోనే.

అయితే మంచి భాగస్వామి దొరికితే అన్నీ తీరవు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుండి రైలు ఎంజీబీఎస్ వరకు వచ్చి ఆగింది. అక్కడి నుండి పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా వరకు సుమారు ఐదున్నర కిలోమీటర్లు మొదటి దశలో పూర్తి కాలేదు. ఆస్తుల సేకరణ, మార్గంపై అభ్యంతరాలు అడ్డుపడ్డాయి. నష్టాల భారంతో 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, ప్రభుత్వమే మెట్రోను తీసుకోవడానికి సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది.

ఏమి చూడాలి?

1. ఇంతకు ముందు అలాంటి పని పూర్తి చేశారా?
2. డబ్బు ఎక్కడి నుండి తెస్తారు?
3. ప్రయాణికుల లెక్క నమ్మదగినదేనా?
4. భూమి ఆలస్యమైతే, రాబడి తగ్గితే నష్టం ఎవరిది?
5. పేదవాడు ఆ ఛార్జీ భరించగలడా?

ఈ అయిదింటికీ జవాబు దొరికాకే ధర చూడాలి.

నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఒక ఏడాది తక్కువ రేటు దుప్పట్లు వచ్చాయి. సంక్రాంతి రాకముందే పోగులు విడిపోయాయి. ఆ చలికాలమంతా ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకున్నాం. కాగితం మీద మిగిలిన డబ్బు మా ఒంటి మీద చలిగా మారింది.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. మీలో చాలామంది కూడా అలాగే అవుతారు. రేపు టెండరు కవరు తెరిచే కుర్చీలో మీలో ఒకరు కూర్చోవచ్చు. అప్పుడు అంకెను చూసే ముందు, ఆ చిరిగిన దుప్పటిని గుర్తు చేసుకోండి.