సముద్రపు పురుగు - మన వరిపురుగు
(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

నేను రైతుబిడ్డను. మాదాపూర్‌లో అక్కాబావల ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. మా మేడపైనుంచి 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ కనిపిస్తుంది. మొన్న వానకాలం అక్కడ నిలబడి ఉండగా ఊరినుంచి బాపు ఫోన్ చేశాడు.

“బిడ్డా, వరికి గుళికలు చల్లి రెండ్రోజులాయె. కాడ చీల్చి చూస్తే పురుగు మెత్తగ పడున్నది గని సావలే. ఇంకోసారి చల్లమంటవా?”

ఆ మందు కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి. కాండం తొలుచు పురుగుకు ఎకరాకు 8 కిలోలు సిఫారసు. బాపు అంతే చల్లాడు. “రేపు చెప్త” నని రాత్రి పుస్తకాలు తిరగేశాను.

ఈ మందు మూలం సముద్రంలో ఉందంటే నమ్ముతారా? జపాను జాలర్లు ఎరగా వాడే ఒక సముద్రపు పురుగు కళేబరంపై వాలిన ఈగలు చచ్చేవట! 1934లో నిట్టా అనే శాస్త్రజ్ఞుడు దానినుంచి విషాన్ని వేరుచేశాడు. అదే నెరైస్‌టాక్సిన్. 1960లలో దాని నిర్మాణం తెలిశాక, దాన్ని పోలిన కార్టాప్‌ను జపానులోనే తయారుచేశారు. పురుగు ఒంట్లో కార్టాప్ మళ్ళీ నెరైస్‌టాక్సిన్‌గా మారుతుంది.

మా ఎదుటి అద్దాల మేడల్లో వార్తలు తీగల వెంట పోతాయి. పురుగు ఒంట్లో నాడులే తీగలు. కాని నాడీకణానికీ నాడీకణానికీ నడుమ సన్నని సందు ఉంటుంది. దాన్ని దాటించేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం. అది అవతలి గ్రాహకానికి తగలగానే, మడవ తెరిస్తే నీళ్ళు పారినట్లు సోడియం అయాన్లు లోపలికి పారి వార్త సాగుతుంది.

క్లోరిపైరిఫాస్ వంటి మందులు ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమును చెరుపుతాయి. వార్త ఆగక పురుగు గిలగిలా కొట్టుకుంటుంది. నెరైస్‌టాక్సిన్ అట్లా కాదు, మడవకే అడ్డం పడుతుంది. వార్త అందని పురుగు చచ్చుబడి, మేత మాని, మెల్లగా చస్తుంది.

మర్నాడు చెప్పాను: “బాపూ, పురుగు ఉన్నా మేస్తలేదు. మళ్ళ చల్లకు. ఎండిన మొవ్వు ఎట్లా పచ్చబడదు. కొత్తయి ఎండుతున్నయేమో చూడు.” వారం చూశాడు. కొత్తవి ఎండలేదు. ఒక సంచి డబ్బు మిగిలింది.

ఇంకొక మాట. ఇటువంటి గ్రాహకాలు మనలోనూ ఉన్నాయి, మన కండరాలను కదిలించేవి అవే. బాపేమో ఏండ్లుగా వట్టి చేతులతో చల్లుతున్నాడు! ఆ ఆదివారమే రబ్బరు తొడుగులు కొని ఊరికి తీసుకుపోయాను. బాపు నవ్వాడు గానీ తొడుక్కున్నాడు.

మనం పరీక్షకు చదివే పాఠం పొలందాకా పోవాలని నా కోరిక.