ఎముకలో పుట్టే లింఫోమా

ఎముక క్యాన్సర్ అన్న మాట వినగానే మన పల్లెలలో తోచే భావము ఒక్కటే: కాలు తీసివేస్తారు. తోట్లవల్లూరు లంకలలో చెరకు నరికేవానికి గాని, పసుపు తవ్వే స్త్రీకి గాని కాలే జీవనాధారము. అందుచేత ఆసుపత్రికి పోవుటకు జంకి, నూనె మర్దనలతో, పసుపు పట్టులతో, నాటు కట్లతో నెలలు గడిపేవారున్నారు. ఎముక కంతులన్నీ ఒక జాతివి కావనీ, వానిలో ఒకదానికి సాధారణముగా కాలు తీయవలసిన అవసరమే ఉండదనీ తెలుపుటకు మేము ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

లింఫోసైట్లు అనే తెల్లకణములు అదుపు తప్పి పెరుగుటను లింఫోమా అంటారు. ఇది తరచుగా మెడ, చంక, గజ్జలలోని శోషరస గ్రంథులలో పుడుతుంది. 1832లో లండనులో థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించినవి అట్టి గ్రంథుల వ్యాధులే. అయితే ఈ కణములకు ఎముక లోపలి మూలుగ కూడా నివాసమే. కనుక అరుదుగా ఈ వ్యాధి ఎముకలోనే మొదలు కావచ్చును. 1928లో ఓబెర్లింగ్ దీనిని గుర్తించగా, 1939లో అమెరికాలో పార్కర్, జాక్సన్ అను వైద్యులు 17 మంది రోగులను పరిశీలించి దీనిని ప్రత్యేక వ్యాధిగా నిలబెట్టారు. లింఫోమా రోగులు నూరుగురిలో ఇట్టివారు ఒకరిద్దరికి మించరు. ఏ వయసులోనైనా రావచ్చును గాని నడివయసు దాటినవారిలో ఎక్కువ. తొడ ఎముక దీనికి ముఖ్యస్థానము.

మొదటి లక్షణము నొప్పి. విశ్రాంతితో తగ్గదు, రాత్రివేళ నిద్ర పట్టనీయదు. చిత్రమేమనగా, రోగి తక్కిన విధముల ఆరోగ్యముగానే కనిపించవచ్చును. జ్వరము, బరువు తగ్గుట చాలామందిలో ఉండవు. అందువలన దీనిని కీళ్ళవాతమనో, ఎముక క్షయ అనో పొరపడుట సులభము. ఎక్స్‌రే సైతము కొన్నిసార్లు మోసగిస్తుంది. కృష్ణ కరకట్ట పక్కన పుట్టి పెరిగినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. వరద రోజులలో కట్ట చెక్కుచెదరకుండానే అడుగునుండి నీరు ఊరి అవతలి చేలో తేలుతుంది. ఈ కణములును అంతే. ఎముక పైపెంకును కూల్చకుండా దానిలోని సన్నని రంధ్రముల గుండా వెలుపలి కండలోనికి పాకుతాయి. మూలుగలోని మార్పును చూపగలది ఎమ్‌.ఆర్‌.ఐ. పరీక్ష.

కాని వ్యాధి పేరు తేల్చేది బయాప్సీ ఒక్కటే. ఎముక ముక్కను ఆమ్లములో మెత్తబరచి, పలుచగా కోసి, ప్రత్యేకమైన రంగుల పరీక్షలు చేయవలెను. ఇందుకు రోజులు పడతాయి. ముక్క తీస్తే రోగము పాకుతుందన్న భయముతో ఇంటికి మరలినవారు చికిత్సనే కోల్పోతారు. మరొక ప్రమాదము కలదు. నొప్పి తగ్గుటకని ముందుగా స్టెరాయిడ్ వాడితే ఈ కణములు తాత్కాలికముగా నశిస్తాయి, నొప్పి మాయమవుతుంది. అప్పుడు తీసిన ముక్కలో చచ్చిన కణములు తప్ప మరేమీ కనిపించకపోవచ్చును. రోగి సంతోషించే ఆ నాలుగు వారములే అతనికి చేటు. బయాప్సీ తరువాత శరీరమంతటా పరీక్షించి, వ్యాధి వేరొకచోట పుట్టి ఎముకకు రాలేదని కూడా నిర్ధారించుకోవాలి.

ఇక చికిత్స. నాలుగు మందుల కలయిక 1970 దశకము నుండి వాడుకలో ఉన్నది. అందులో విన్‌క్రిస్టీన్ మన పెరటి బిళ్ళగన్నేరు నుండి వచ్చినదే. ఉర్దూలో ఆ మొక్కను సదాబహార్ అంటారు. ఇది చదివి ఎవరూ ఆకులు నూరి తాగరాదు! ఒక గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకు కావలెను. దానిని నరములోనికి వైద్యులే ఎక్కించవలెను. ఈ కణములలో అధిక భాగము పైన సి.డి.20 అనే గుర్తు ఉంటుంది. దానిని పట్టుకొని దెబ్బతీసే రిటుక్సిమాబ్‌కు 1997లో అమెరికాలో అనుమతి లభించినది. వ్యాధి మెదడుకు పాకే అవకాశమున్నవారికి కొన్నిసార్లు మెథోట్రెక్సేట్ ఇస్తారు. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వములో లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మందు అది. కొందరికి రేడియేషన్ కూడా జతచేస్తారు. వ్యాధి ఒకే ఎముకలో ఉండగా గుర్తిస్తే, మిక్కిలిమంది కోలుకుంటారు. శస్త్రచికిత్స పాత్ర ముఖ్యముగా బయాప్సీకి, విరిగిన లేక విరుగనున్న ఎముకకు కడ్డీ వేయుటకు మాత్రమే.

మందులతో కంతి కరిగినను ఎముక వెంటనే గట్టిపడదు. కొన్ని నెలలపాటు బరువులెత్తరాదు, గట్లపై జారరాదు. చెరకు మోపు ఎత్తేవారికి ఈ నిబంధన మందుల కంటె కష్టము. ఇంట్లో మరొకరు ఆ పని అందుకోవలసినదే.

మెహదీ నవాజ్ జంగ్ పేర హైదరాబాదులో 1955 నుండి నడుస్తున్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోటికి వెళ్ళువారు ఎక్స్‌రేలతో పాటు, బయాప్సీ జరిగిన చోటి నుండి గాజుపలకలను, మైనపు దిమ్మను కూడా అడిగి తీసుకొని పోవలెను. అవి ఉంటే చాలామందికి ఎముకను మరల తొలిచే పని తప్పుతుంది.