నావయే ప్రాణమైన జాతి

గ్రీకు కవులలో హోమరు అగ్రగణ్యుడు. ఆయన పేర వెలసిన ఒడిసీ మహాకావ్యము క్రీస్తుపూర్వము 8వ శతాబ్ది ప్రాంతమున రూపొందినదని పండితులు తలంతురు. అందు 24 సర్గలు కలవు. ట్రాయి యుద్ధము ముగిసిన పిమ్మట పది సంవత్సరముల పాటు ఇల్లు చేరలేక పాట్లుపడిన ఒడీసియస్ అను వీరుని కథ అందలి ఇతివృత్తము. అట్టి వానిని తుదకు స్వదేశమునకు చేర్చిన నావికజాతి యొకటి ఆ కావ్యమున కలదు. వారే ఫియేషియనులు. వారు చరిత్రకు చెందినవారు కారు. కవి కల్పనయందు జన్మించినవారు. అయినను వారి కథ మరపురానిది.

ఫియేషియనులు మొదట హైపెరియా అను విశాలదేశమున నివసించుచుండిరి. వారి పొరుగున సైక్లోపులను రాక్షసజాతి యుండెను. బలవంతులైన ఆ రాక్షసులు మాటిమాటికి వీరిని దోచుకొనుచుండిరి. ఆ బాధకు తాళలేక నౌసిథూస్ అను రాజు తన ప్రజలను వెంటబెట్టుకొని, ఇతర మానవులకు మిక్కిలి దూరమున నున్న స్కీరియాకు వలస వచ్చెను. అచ్చట పట్టణమునకు ప్రాకారము కట్టించెను, ఇండ్లను, దేవాలయములను నిర్మింపజేసెను, పొలములను పంచిపెట్టెను. ఆ ప్రజలకు విండ్లయందును అమ్ములపొదులయందును ఆసక్తి లేదు. తెరచాప కొయ్యలు, తెడ్లు, ఓడలు ఇవియే వారికి ప్రీతిపాత్రములు.

గ్రీకు భాషలో ‘నౌస్’ అనగా ఓడ. మనము వాడు ‘నౌక’ యను మాటకు మూలమైన సంస్కృత శబ్దమును, ఆ గ్రీకు శబ్దమును ఒకే మూలమునుండి వచ్చినవి. నౌసిథూస్ అను పేరునందును, రాజపుత్రికయైన నౌసికా పేరునందును ఈ శబ్దమే వినబడును. ఆ దేశపు యువకులలో కొందరి పేర్లు ఓడ ముందుభాగమును, వెనుకభాగమును, తెడ్డును స్ఫురింపజేయును. బిడ్డకు పేరు పెట్టునపుడు సయితము వారికి ఓడయే తలపునకు వచ్చెను కాబోలు!

పట్టణమునకు ఇరుప్రక్కల చక్కని రేవులుండెను. దారి పొడుగున, ఎవరి చోటున వారు, తమ ఓడలను ఒడ్డునకు లాగి నిలుపుచుండిరి. సముద్రదేవుడైన పొసైడన్ ఆలయము చెంత సభాస్థలి యుండెను. అచ్చటనే త్రాళ్ళను, తెరచాపలను బాగుచేయుచు, తెడ్లను చెక్కుచుండెడివారు. పురుషులు ఓడలు నడుపుటలో ఎంత నేర్పరులో, స్త్రీలు నేతపనియందు అంత నేర్పరులు. ఇక వారి ఓడలకు చుక్కాని లేదు. చుక్కాని పట్టువాడును లేడు. మనుష్యుల మనస్సులోని తలంపులను గ్రహించి, ఆ ఓడలు తమంతట తామే గమ్యమునకు పోవుచుండెనని కవి వర్ణించెను.

ఒకనాడు ఒడీసియస్ తెప్ప పగిలి, రెండు దినములును రెండు రాత్రులును సముద్రమున ఈది, స్కీరియా తీరమున పడెను. బట్టలుతుకుటకు నదికి వచ్చిన నౌసికా చెలులు అతనిని చూచి భయపడి పారిపోయిరి; ఆమె మాత్రము నిలిచెను. అతిథులును యాచకులును దేవుడు పంపినవారే యని పలికి, అన్నవస్త్రము లొసగి, నగరమునకు దారి చూపెను.

ఒడీసియస్ రాజమందిరము ప్రవేశించి, రాణియైన అరీటీ మోకాళ్ళు పట్టుకొని, తన్ను స్వదేశమునకు పంపుమని వేడుకొనెను. పిదప పోయి అగ్నికుండము చెంత బూడిదలో కూర్చుండెను. సభ నిశ్శబ్దమయ్యెను. అప్పుడు ఎకెనియస్ అను వృద్ధుడు లేచి, అతిథి బూడిదలో కూర్చుండుట తగదనియు, అందరును రాజు మాటకై వేచియున్నారనియు హెచ్చరించెను. వెంటనే ఆల్కినూస్ రాజు సింహాసనము దిగివచ్చి, అతిథి చేయి పట్టుకొని లేవనెత్తెను. తన ప్రియపుత్రుని లేపి, ఆ ఆసనముపై అతనిని కూర్చుండబెట్టెను. అతని పేరైనను తెలియకముందే స్వదేశమునకు పంపుదునని మాట యిచ్చెను.

మరునాడు ఆటలు జరిగెను. అందు యూరియాలస్ అను యువకుడు అతిథిని ఎగతాళి చేసి, పిమ్మట తప్పు తెలిసికొని, ఒక ఖడ్గమును కానుకగా నిచ్చి మన్నింపు కోరెను. అంధకవియైన డెమోడొకస్ ట్రాయి యుద్ధగాథను గానము చేసెను. అది విని అతిథి కన్నీరు పెట్టుకొనుట రాజు కనిపెట్టి, పేరు చెప్పుమని అడిగెను. అడుగుచు ఒక పాతమాటను కూడ తెలిపెను. అందరిని క్షేమముగా ఒడ్డు చేర్చుచున్నందులకు పొసైడన్ తమపై కోపించి, ఏనాటికైనను తిరిగివచ్చు ఓడనొకదానిని నాశనము చేసి, తమ పట్టణమును పెద్దకొండతో కప్పివేయునని తన తండ్రి నౌసిథూస్ చెప్పియుండెను.

అంతట ఒడీసియస్ తన కథ యంతయు వినిపించెను. పొసైడన్ కుమారుడైన పోలిఫీమస్ అను సైక్లోపుని కన్ను పొడిచినది తానే యనియు, ఆ దేవుని ఆగ్రహము తనపై నున్నదనియు దాచక చెప్పెను. ఇట్టి వానిని ఓడ నెక్కించుట యెంత ప్రమాదమో ఆల్కినూస్ ఎరుగనివాడు కాడు. అయినను ఇచ్చిన మాట తప్పలేదు. 52 మంది యువకులతో ఓడ సిద్ధమయ్యెను. కానుకలు ఓడలోనికి చేరెను. రాత్రివేళ ప్రయాణము సాగెను. అలసిన అతిథి గాఢనిద్ర పోయెను. వేగుచుక్క పొడుచువేళకు ఓడ ఇథాకా చేరెను. నావికులు అతనిని నిద్రకు భంగము కలుగకుండ ఇసుకపై పరుండబెట్టి, కానుకలను ఒక ఆలివు చెట్టు మొదట ఉంచి, మరలిపోయిరి.

ఆ ఓడ స్కీరియాను సమీపించెను. ఒడ్డున నున్నవారు దానిని గుర్తించుచుండగనే, పొసైడన్ అరచేతితో చరచి దానిని రాయిగా మార్చి సముద్రమున పాతెను. ఆల్కినూస్ తండ్రి మాట తలచుకొనెను. ఇకమీద పరదేశులను ఓడలపై పంపుట మానవలెనని ప్రజలకు చెప్పి, 12 ఎడ్లను బలియిచ్చుటకు ఏర్పాటు చేసెను. వారందరును బలిపీఠము చుట్టు నిలిచి ప్రార్థించుచుండిరి. అచ్చట కవి ఆ ప్రసంగమును ఆపి, ఇథాకాలో మేల్కొనిన ఒడీసియస్ కథ నెత్తుకొనెను. కొండ పట్టణముపై పడెనో లేదో కావ్యమున ఎచ్చటను చెప్పలేదు.

గ్రీసు దేశపు కోర్ఫూ ద్వీపమే స్కీరియా యని ప్రాచీనకాలమునుండి ఒక ప్రతీతి కలదు. ఆ తీరమున నున్న చిన్న ద్వీపమొకటి రాయియైన ఓడ యే యని నేటికిని చెప్పుకొందురు.

సైక్లోపుల వలన ఇల్లు విడిచినవారు, సైక్లోపుని కారణముగా ఇల్లు చేరలేని వానికి సాయపడిరి. దానికి ఫలముగా ఓడను, అందలి యువకులను కోల్పోయిరి. చేసిన మేలునకు ఎల్లవేళల మేలే ఫలితమగునని ఈ కథ చెప్పదు. కాని ఆ రాత్రి ఓడలో నిద్రించిన అతిథి తెల్లవారునప్పటికి తన దేశపు ఇసుకపై నుండెను. ఫియేషియనులు ఇచ్చిన మాట నిలిచెను.