వేడెక్కితే ఆగిపోయే కారు: లోపం పట్టే పద్ధతి

ఆటోమొబైల్ డిప్లొమా, ఐ.టి.ఐ. చదువుతున్న మన పిల్లలకు ఈసారి ఒక పాత కారు రిపేరునే పాఠంగా ఇస్తున్నాను. పుస్తకంలో ఇగ్నిషన్ ఒక అధ్యాయం, పెట్రోలు సరఫరా ఇంకో అధ్యాయం. షెడ్డుకు వచ్చే బండికి ఆ అధ్యాయాలు తెలియవు. తల్లిదండ్రులు కూడా చదవాలని మనవి. రిపేరు బిల్లు కట్టేది మీరే కదా!

2007 ఏప్రిల్‌లో హోసూరులోని మా షెడ్డుకు ఒక పెద్దాయన ప్రీమియర్ పద్మిని కారు తెచ్చారు. నాలుగు సిలిండర్లు, 1089 సి.సి., కార్బురేటర్ బండి. పదిహేను రోజులకొకసారి అందులోనే భార్యను బెంగళూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగా నడుస్తుంది. ఎండలో తిరిగి వచ్చేటప్పుడు అరగంటకే తడబడి ఆగిపోతుంది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి ఇరవై నిమిషాలు కూర్చుంటే మళ్ళీ స్టార్టు అవుతుంది. జబ్బు మనిషితో నడిరోడ్డులో ఆ ఇరవై నిమిషాలు ఎలా గడుస్తాయో చెప్పనక్కరలేదు. అంతకు ముందే రెండు షెడ్లలో పంపు, ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్ మార్పించారు. "అంతా కొత్తదే వేసినారు కదప్పా, ఇంక మార్చేదానికి ఏముంది? మా వాడు పాత ఇనుముకు ఇచ్చేయమంటాడు" అన్నారాయన.

తడిగుడ్డతో స్టార్టు అవుతుంది కాబట్టి అందరూ వేపర్ లాక్ అనే అనుకున్నారు. వేడికి పెట్రోలు పంపులోనో పైపులోనో ఆవిరైపోతే కార్బురేటర్‌కు పెట్రోలు అందదు. ఎండాకాలంలో పాత బండ్లకు ఇది మామూలే. అయితే విద్యార్థులు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఆ ఇరవై నిమిషాల్లో చల్లబడింది పంపు ఒక్కటేనా? కాయిల్, డిస్ట్రిబ్యూటర్, కండెన్సర్ కూడా చల్లబడ్డాయి. గుడ్డ పనిచేసిందో, ఊరికే కూర్చున్న సమయం పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

అందుకని షెడ్డులో బండి విప్పలేదు. బాగా నడుస్తున్న బండిని ఎంత చూసినా బాగున్నట్టే కనబడుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు సామాన్లు డిక్కీలో వేసుకుని, నేనూ మా షెడ్డు కుర్రాడూ పెద్దాయనతో కలిసి బాగలూరు రోడ్డులో బయలుదేరాం. అనుకున్నట్టే ఆగింది. తడిగుడ్డ వేయనివ్వలేదు.

ముందు తేల్చాల్సింది పెట్రోలు లేదా, నిప్పురవ్వ లేదా అన్నది. కాయిల్‌కు వచ్చే బ్యాటరీ వైరు ఊడదీసి, కార్బురేటర్‌కు పోయే పెట్రోలు గొట్టం సీసాలో పెట్టి స్టార్టరు తిప్పించాను. పెట్రోలు బుడగలు లేకుండా గుక్కలు గుక్కలుగా వచ్చింది. వేపర్ లాక్ అనుమానం అక్కడితో పోయింది. గొట్టం బిగించి, ఒలికింది తుడిచి, బాగా ఆరాక బ్యాటరీ వైరు తిరిగి కలిపాను. డిస్ట్రిబ్యూటర్ మధ్య వైరు తీసి, ఇన్సులేషన్ ఉన్న కటింగ్ ప్లేయర్‌తో ఇంజను ఇనుముకు అర సెంటీమీటరు దూరంలో పట్టాను. అందులో వేల వోల్టులు ఉంటాయి, చేత్తో పట్టకూడదు. టప్‌మని నీలంగా దూకాల్సిన రవ్వ సన్నగా, పసుపుగా వచ్చింది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే, పాయింట్లు విడిపోయినప్పుడల్లా వాటి మధ్య పెద్ద మెరుపు!

ఆ మెరుపు అర్థం కావాలంటే కండెన్సర్ పని తెలియాలి. పాయింట్లు విడిపోయినా కాయిల్ ప్రైమరీ చుట్టలోని కరెంటు వెంటనే ఆగదు, ఆ సందులోంచి దూకాలని చూస్తుంది. సుమారు 0.2 మైక్రోఫారడ్ సామర్థ్యమున్న ఆ చిన్న డబ్బీ ఆ కరెంటును తనలోకి తీసుకుంటుంది. అప్పుడే కాయిల్‌లోని అయస్కాంత బలం ఒక్కసారిగా పడిపోయి, సెకండరీ చుట్టలో ఎక్కువ వోల్టేజి పుడుతుంది. కండెన్సర్ లోపలి ఇన్సులేషన్ వేడికి లీకైతే బలమంతా పాయింట్ల దగ్గరే మెరుపుగా పోతుంది.

"అది కొత్తది కదన్నా" అన్నాడు కుర్రాడు. బిల్లులో కొత్తదని ఉంటుంది గానీ, వేడిలో పనిచేస్తుందని ఉండదు కదా అన్నాను.

వేరే బండిలో బాగా పనిచేసిన పాత కండెన్సర్ ఒకటి డిక్కీలో ఉంది. దాన్ని తగిలించగానే ఇంజను వేడిగా ఉండగానే స్టార్టు అయింది. అక్కడితో వదలలేదు. కొత్తది మళ్ళీ పెట్టాం, స్టార్టు కాలేదు. పాతది పెట్టాం, అయింది. ఈ మార్చి మార్చి చూడడం చాలామంది చేయరు. నా లెక్కలో అసలు పరీక్ష ఇదే. ఆ మధ్యలో ఇంకే వైరూ, ఇంకే స్క్రూ ముట్టుకోకూడదు. వంద రూపాయల లోపు వస్తువు అది. పెద్దాయన మరో నాలుగేళ్ళు అదే కారులో ఆసుపత్రికి తిరిగారు.

ఇప్పుడు పాయింట్ల బండ్లు అరుదు. ఇంజెక్షన్ బండికి స్కానర్ తగిలిస్తే కోడ్ వస్తుంది, మన పిల్లలు కోడ్ చూడగానే సెన్సార్ మార్చేస్తున్నారు. ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో కోడ్ చెబుతుంది. సెన్సారే పోయిందా, వైరు తెగిందా, కనెక్టర్ వదులైందా అన్నది మల్టీమీటరుతో మీరే చూసుకోవాలి.

ఇక మీకొక ప్రశ్న. పాత కార్బురేటర్ కారు ఒకటి గంటసేపు నడిచి ఆగుతుంది. పెట్రోలు ట్యాంకు మూత తీస్తే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, కాసేపటికి స్టార్టు అవుతుంది. మూత బిగించి నడిపితే మళ్ళీ ఆగుతుంది. లోపం ఎక్కడ ఉంది? ఒక్క వస్తువునే మార్చి మార్చి దాన్ని ఎలా రుజువు చేస్తారు? బొమ్మ వేసి, జవాబు రాసి మీ మాస్టారికి చూపించండి.