హైదరాబాద్ నంబర్ 12ఏ

బ్రిటన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియం దగ్గర మొదటి ప్రపంచయుద్ధం నాటి చెక్క బాంబర్ విమానం ఒకటి ఉంది. రకం డీహెచ్-9ఏ, సీరియల్ నంబర్ ఎఫ్1010. దాని ఒంటి మీద ఇంకో పేరు కూడా రాసి ఉంది: 'హైదరాబాద్ నంబర్ 12ఏ'. ఈ నెల పాఠం దాని గురించే. పాత యుద్ధవిమానాన్ని కాపాడటం అంటే అసలు దేన్ని కాపాడటం? ఈ ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందు కథ చూద్దాం. ఆ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒక స్క్వాడ్రన్ విమానాలకు డబ్బిచ్చాడు. అందుకే బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' పేరు వచ్చింది. అప్పుడు మన కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ నిజాం రాజ్యంలోనివే. ఆ ఖజానా నింపిన శిస్తులో మన ముత్తాతల పైసలూ ఉన్నాయి కదా. అందుకే ఈ విమానంలో ఒక మేకైనా మనదే అని నేనంటాను.

1918 అక్టోబర్ 5న జర్మనీ మీద దాడికి వెళ్లిన ఎఫ్1010 తిరిగి రాలేదు. అందులోని ఇద్దరూ ఖైదీలయ్యారు. జర్మన్లు విమానాన్ని తర్వాత బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే అక్కడి విమానాలు కొన్నింటిని తూర్పు వైపు తరలించారు. అట్లా ఇది పోలండ్ చేరి, చివరికి క్రాకోలో తేలింది. 1977లో ఆర్‌ఏఎఫ్ మ్యూజియం ఒక స్పిట్‌ఫైర్‌ను ఇచ్చి దీన్ని తీసుకుంది. బాగుచేశాక 1983లో ప్రదర్శనకు పెట్టారు.

ఇప్పుడు ఇంజనీరింగ్ సంగతి. ఈ తరం విమానానికి చెక్క చట్రమే ఎముకలు. దాని మీద లినెన్ బట్ట చుట్టి, బిగుసుకోవడానికి 'డోప్' అనే పూత పూస్తారు. చెక్క తేలిగ్గా ఉండాలి, గట్టిగానూ ఉండాలి. తేలిక చెక్కతో పని ఎంత సున్నితమో నిర్మల్ బొమ్మలు చేసేవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ముందు భాగంలో మాత్రం 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజన్, 12 సిలిండర్లు. ఇనుము తుప్పుపడితే పైకి కనిపిస్తుంది. చెక్క జాయింట్ లోపల జిగురు చచ్చిపోతే కనిపించదు. అందుకే బట్ట విప్పి ప్రతి జాయింట్ చూడాలి. విప్పేముందు ఫొటో తీయాలి, కొలత రాయాలి. విప్పినంక గుర్తుచేసుకుందాం అంటే కుదరదు.

ఎఫ్1010 రెక్కలు ఇన్ని ప్రయాణాల్లో పోయాయి. కొత్తవి చేయాల్సి వచ్చింది. మరి ఇది అదే విమానమా? మన ఊళ్లో పాత ఇంటికి గూనపెంకులు మారుస్తారు, అయినా తాత ఇల్లనే అంటాం. గోడలు కూడా పడగొట్టి కడితే ఆ మాట అనలేం. గీత ఎక్కడ గీయాలన్నదే అసలు సమస్య.

దీనికి జవాబు రాజస్థాన్‌లో దొరికిన రెండు విమానాల్లో ఉంది. బికనీర్ కోటలో ఒకప్పటి ఏనుగుల సాలలో ఇదే కుటుంబానికి చెందిన డీహెచ్-9 విమానాల భాగాలు బయటపడ్డాయి. చెక్కను చెదలు తినేశాయి. బ్రిటన్‌కు చెందిన రెట్రోటెక్ సంస్థ వాటిని తీసుకెళ్లి రెండు దారులు పట్టింది. డి5649ను ఎగరకుండా నిలబెట్టే విమానంగా తయారుచేసింది. అదిప్పుడు డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది. ఈ8894ను ఎగిరేలా కట్టింది. అది 2019లో గాల్లోకి లేచింది. ఎగిరేదానికి పాత చెక్కను నమ్మలేం, పైలట్ ప్రాణం ముఖ్యం. నిలబెట్టేదానికి పాత చెక్కే ఆస్తి. అంటే పని మొదలుపెట్టే ముందే 'ఎగరాలా, ఉండాలా' అని తేల్చుకోవాలి. రెండూ కావాలనుకుంటే రెండూ చెడతాయి.

మనకు దగ్గర్లో చూడాలంటే విశాఖ బీచ్ రోడ్డులోని టీయూ-142. నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసి 2017 మార్చిలో రిటైరైంది, అదే ఏడాది డిసెంబర్‌లో మ్యూజియమైంది. ఇది లోహపు విమానం, ముందరే సముద్రం. చెక్కకు చెద ఎట్లనో అల్యూమినియానికి ఉప్పుగాలి అట్ల. అల్యూమినియం రేకు, ఉక్కు బోల్టు కలిసే చోట తేమ, ఉప్పు చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో కరిగిపోయేది అల్యూమినియం. టూర్‌కి పోయినప్పుడు సెల్ఫీ అయ్యాక రివెట్ల వరస చూడండి. పెయింట్ ఉబ్బినా, తెల్లపొడి కనిపించినా అది లోపలి జబ్బు. ఏ బహిరంగ విమానం దగ్గరైనా ఇదే పరీక్ష.

ఇంకొక మాట. కూడళ్లలో, క్యాంపస్‌లలో నిలబెట్టిన పాత విమానాలకు పెయింట్ కొట్టేటప్పుడు మొదట పోయేవి చిన్న అక్షరాలే. తోక నంబర్, ప్యానెల్ మీది గుర్తులు, తయారీ పలక. 'హైదరాబాద్ నంబర్ 12ఏ' అన్న అక్షరాలు, ఎఫ్1010 అన్న నంబర్ లేకపోతే ఆ విమానం ఏదో ఒక డీహెచ్-9ఏ అయ్యేది, మనకు దానితో సంబంధమే ఉండేది కాదు. మనం రెక్కలు చేయలేకపోవచ్చు. పెయింట్ డబ్బా తెరవకముందే ఆ అక్షరాల ఫొటోలు తీసి, కొలతలతో సహా ఒక ఫైల్ పెట్టడం మాత్రం సెకండ్ ఇయర్ స్టూడెంట్ చేతిలో పనే. అడిగి, అనుమతి తీసుకుని మొదలుపెడదాం.